ముక్కు ఒకవైపే మూసుకుపోతుంటే...

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా అబ్బాయికి 14 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కుడి ముక్కు మూసుకుపోయి ఉంటోంది; దెబ్బ తగలకుండానే ముక్కు అదిరి రక్తం కారుతోంది. వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగించాం. ఒంగోలులో డాక్టరు గారు చూసి, ముక్కు వెనుక రక్తనాళాల గడ్డ ఉన్నట్టుందని, ముక్క తీయకుండా ముందు స్కాన్ చేయించమని అన్నారు. ముక్క పరీక్ష చేయకపోతే క్యాన్సరో కాదో ఎలా తెలుస్తుందని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఒంగోలు డాక్టరు గారు చెప్పిందే సరైన మాట. మీరు రాసిన లక్షణాలు యాంజియోఫైబ్రోమా అనే గడ్డను గుర్తు చేస్తున్నాయి. ఇది అరుదైనది, దాదాపుగా 10 నుంచి 20 ఏళ్ల మధ్య మగపిల్లల్లోనే కనిపిస్తుంది. మామూలు రక్తనాళం తెగితే దాని గోడలోని కండరం బిగుసుకుని రక్తం కొంతైనా ఆగుతుంది. ఈ గడ్డలోని నాళాల్లో చాలావాటికి ఆ కండరపు పొర ఉండదు కనుక, ఓపీ గదిలో చిన్న ముక్క గిల్లినా రక్తం ధారగా కారి ప్రాణం మీదికి రావచ్చు.

ముక్క తీయకపోయినా గుర్తుపట్టే దారి ఉంది. చల్లని స్టీలు పళ్లేన్ని బాబు ముక్కు కింద పట్టి ఊపిరి వదలమనండి. ఒక పక్కే ఆవిరి మచ్చ పడి, రెండో పక్క పళ్లెం తళతళలాడుతూనే ఉంటే ఆ వైపు గాలి ఆడటం లేదన్నమాట. అయితే అడ్డు ఉందనే దీనివల్ల తెలుస్తుంది, అదేమిటో తెలియదు. అందుకు రంగుమందు ఎక్కించి తీసే సీటీ, దానితోపాటు ఎంఆర్ఐ కావాలి. ముక్కు వెనుక గడ్డ పుట్టిన చోటు, చెంప ఎముకలోని గాలిగది వెనుక గోడ ముందుకు విల్లులా వంగి ఉండటం, పిల్లవాడి వయసు, అన్నీ కలిపి చూస్తే సాధారణంగా నిర్ధారణకు సరిపోతాయి.

ఇది క్యాన్సర్ కాదు, ఒంట్లో మరో చోటికి పాకదు. కానీ ఎముకను అరగదీసుకుంటూ కంటి వైపు, మెదడు వైపు పెరగగలదు. చెంప వాచినా, కన్ను ముందుకు వచ్చినా, చెవి దిబ్బడ వేసినా ఆలస్యం చేయవద్దు. పెద్దయ్యాక అదే తగ్గిపోతుందన్న మాటను నమ్ముకుని కూర్చోవద్దని నా గట్టి మనవి.

చికిత్స ప్రధానంగా ఆపరేషనే. దానికి ఒకటి నుంచి మూడు రోజుల ముందు, తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని పంపి, గడ్డకు రక్తం అందించే నాళాలను మూసివేస్తారు; అప్పుడు ఆపరేషన్‌లో రక్తస్రావం బాగా తగ్గుతుంది. తర్వాత చాలామందికి ముఖంపై కోత లేకుండా ముక్కు రంధ్రాల్లోంచే ఎండోస్కోపుతో గడ్డను తీస్తారు. ఈ నాళాలు మూసే నిపుణుడు, అనుభవమున్న ఈఎన్‌టీ సర్జన్, రక్తనిధి ఒకే చోట ఉన్న ఆసుపత్రినే ఎంచుకోండి; నెల్లూరు, ఒంగోలులో విచారించి, లేకుంటే చెన్నై వెళ్లండి. ఖర్చు విషయం ఎన్టీఆర్ వైద్య సేవ ఆరోగ్యమిత్రను అడగండి. గడ్డ మళ్లీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి, ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లపాటు చెప్పిన గడువుకు స్కాన్ మానవద్దు.

ఈలోగా హిమోగ్లోబిన్ చూపించండి; ఇన్ని నెలలు రక్తం పోయిన పిల్లవాడు పాలిపోయి ఉంటాడు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చకుండా, కూర్చోబెట్టి కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి, నోటితో ఊపిరి తీసుకోమనండి. అప్పటికీ ఆగకపోతే, లేదా మొదటి నుంచే ధారగా పోతుంటే, 108కి ఫోన్ చేయండి.