సీఎన్‌ఏ కోర్సు: ఫీజు కట్టే ముందు నర్సింగ్ హోమ్‌కు వెళ్లి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయ్యాక డాలస్ వచ్చాం. వయసు 34, పిల్లలిద్దరూ స్కూలుకెళ్తున్నారు. హెచ్4 ఈఏడీ (భర్త వీసా మీద ఉన్నవాళ్లకిచ్చే ఉద్యోగ అనుమతి కార్డు) ఈమధ్యే వచ్చింది. ఎప్పటికైనా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కావాలని ఉంది. ముందు సీఎన్‌ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, అంటే నర్సులకు సాయంగా రోగుల్ని చూసుకునే పని) చేస్తానంటే ఇంట్లో "ఇంత చదివి ఆయా పనా?" అంటున్నారు. ఈ వారంలోనే చేరితే ఫీజు తగ్గిస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. చేరమంటారా? ఇంకో సంగతి. ఊళ్లో మా చెల్లెలు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసింది. సీఎన్‌ఏ వీసా మీద అమెరికా పంపిస్తానని ఒక ఏజెంట్ డబ్బు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: సీఎన్‌ఏ చేయండి. కానీ ఈ వారం ఫీజు కట్టకండి. అంతకన్నా ముందు మీ ఇంటికి దగ్గర్లో ఉన్న రెండు మూడు నర్సింగ్ హోమ్‌లకు (ఇక్కడ ఆ మాటకు అర్థం వృద్ధులను, మంచానపడ్డవాళ్లను ఉంచుకుని చూసుకునే చోటు) వెళ్లి, "సీఎన్‌ఏ ట్రైనింగ్ మీరే ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటారా?" అని అడగండి. ఇలా అడగమనడానికి కారణం ఉంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్ మీకు ఉద్యోగం ఇచ్చాక, లేదా ఇస్తామని చెప్పాక మీరు శిక్షణ మొదలుపెడితే, కోర్సుకు గానీ పుస్తకాలకు గానీ పరీక్షకు గానీ మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇది ఫెడరల్ నిబంధన. సొంత డబ్బుతో కోర్సు పూర్తిచేసి ఏడాదిలోపు అలాంటి హోమ్‌లో చేరినా, పనిచేసిన కాలాన్ని బట్టి ఆ ఖర్చు తిరిగి ఇప్పించే ఏర్పాటు ఉంది. కాబట్టి ఎక్కడ ఏది కట్టినా రసీదు పారేయకండి. తొందరపెట్టి ఫీజు వసూలు చేసేవాళ్లు ఈ మాట మీకు చెప్పరు.

కోర్సు చిన్నదే. 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం ప్రకారం దేశమంతటా కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అంతకన్నా ఎక్కువ పెట్టుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకుంది. కాలిఫోర్నియాలో 160 గంటలు. మీ టెక్సస్‌లో 100 గంటలు: 60 క్లాసులో, 40 క్లినికల్ (మనుషుల దగ్గర చేసే సాధన). చేరే సంస్థకు రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆమోదం ఉందో లేదో ముందే చూసుకోండి. ఆమోదం లేని చోట చదివితే పరీక్షకు కూర్చోనివ్వరు. పిల్లల స్కూలు వేళలు కుదిరితే కమ్యూనిటీ కాలేజీలో చేయడం కూడా మంచి దారే.

పరీక్ష రెండు భాగాలు. రాత పరీక్ష మీ చదువుకు కష్టం కాదు. చాలామంది తడబడేది స్కిల్స్ (చేసి చూపించే పరీక్ష) దగ్గర. పల్స్ నిమిషం పాటు లెక్కపెట్టడం వచ్చు, కానీ మొదలుపెట్టే ముందు కర్టెన్ లాగడం మరిచిపోతారు. మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం వచ్చు, చక్రాల బ్రేకు వేయరు. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడిగేటప్పుడు బలం లేని చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర విప్పాలి. ఇలాంటివి చదివితే రావు, చేత్తో చేస్తేనే వస్తాయి. ఇంట్లో మీవారిని మంచం మీద పడుకోబెట్టి, ప్రతి అడుగూ పైకి చెప్తూ చేయండి.

ఇక పని సంగతి. దీన్ని తీపి పూసి చెప్పను. పొద్దున షిఫ్ట్‌లో మీకు అప్పగించిన రెసిడెంట్లందరినీ (అక్కడ ఉండేవాళ్లను) లేపాలి, బ్రీఫ్‌లు (పెద్దవాళ్ల డైపర్లు) మార్చాలి, ఒళ్లు తుడవాలి, కట్టుడు పళ్లు కడిగిపెట్టాలి, బట్టలు వేసి డైనింగ్ హాల్‌కు తీసుకెళ్లాలి, తినలేనివాళ్లకు తినిపించాలి. మంచానపడ్డవాళ్లను పుండ్లు పడకుండా వేళకు పక్కకు తిప్పాలి. ఈలోగా సాయం కోసం పిలిచే కాల్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మగవాళ్లకూ స్నానం చేయించాలి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు తిడతారు, ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకుంటారు. మీరు శాకాహారులైతే ఇంకోటి ఆలోచించుకోండి: మీరు తినిపించాల్సిన ప్లేటులో బీఫ్ ఉండొచ్చు. నడుం గురించి మరీ మరీ చెప్తున్నాను. హోయర్ లిఫ్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) వాడాల్సిన చోట చేతులతో ఎత్తకండి, ఇంకో మనిషి వచ్చేదాకా ఆగండి. షిఫ్ట్ హడావుడిలో ఇది పాటించక ఉద్యోగం వదులుకున్నవాళ్లు ఉన్నారు.

మందులివ్వడం, ఇంజెక్షన్లు చేయడం సీఎన్‌ఏ పని కాదు. అలాగని తక్కువ పనీ కాదు. "ఈవిడ నిన్నటి నుంచి సరిగా తినడం లేదు, మాట ముద్దగా వస్తోంది" అని చార్జ్ నర్సుకు (షిఫ్ట్ బాధ్యత చూసే నర్సుకు) మొదట చెప్పేది రోజంతా దగ్గరుండే సీఎన్‌ఏనే. ఆ ఒక్క మాట సమయానికి అందితే మనిషి ప్రాణం నిలబడుతుంది. ఇంట్లోవాళ్లకు ఇది చెప్పండి, వాదన పెట్టుకోకండి. వాళ్లతో తేల్చుకోవాల్సిన అసలు విషయం వేరే ఉంది: పొద్దున్నే ఆరింటికి డ్యూటీ అయితే పిల్లల్ని బస్సెక్కించేదెవరు? వారం మార్చి వారం శని, ఆదివారాలు డ్యూటీ పడితే ఇల్లు చూసేదెవరు? జీతం కూడా దాచకుండా చెప్పండి. 2023 మే నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 38,200 డాలర్లు, అంటే గంటకు 18 డాలర్ల పైచిలుకు. దానికోసమే అయితే మీ డిగ్రీతో ల్యాబ్ ఉద్యోగాలు కూడా వెతకమంటాను.

మీరు ఆర్‌ఎన్ కావాలంటున్నారు కాబట్టే సీఎన్‌ఏ చేయమన్నాను. సీఎన్‌ఏ చేసినంత మాత్రాన నర్సింగ్ కోర్సు తగ్గదు. కానీ కొన్ని నర్సింగ్ కాలేజీలు అడ్మిషన్లో దీన్ని లెక్కలోకి తీసుకుంటాయి. పైగా ఈ పని మీ ఒంటికీ మనసుకూ పడుతుందో లేదో రెండేళ్ల ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది. ఈలోగా మీ బీఎస్సీ మార్కుల పత్రాలను ఇవాల్యుయేషన్‌కు (ఇక్కడి చదువుతో పోల్చి తేల్చడానికి) పంపండి. మన మూడేళ్ల డిగ్రీని ఇక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో సమానంగా అన్ని చోట్లా ఒప్పుకోరు. ఒప్పుకుంటే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్‌కు (తక్కువ కాలంలో పూర్తయ్యే నర్సింగ్ డిగ్రీకి) వెళ్లొచ్చు. లేదంటే కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ). అనాటమీ, ఫిజియాలజీ మళ్లీ చదవమనే అవకాశం ఎక్కువ. మీ మైక్రోబయాలజీని ఒప్పుకుంటారా అన్నది ఆ కాలేజీ అడ్వైజర్‌నే ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

ఈఏడీ తేదీ మీద ఒక కన్ను వేసి ఉంచండి. గడువు ముగిసేలోగా కొత్త కార్డు రాకపోతే డ్యూటీ ఆపాల్సిందే. రెన్యువల్‌కు ఆరు నెలల ముందే అప్లై చేయండి. వరుసగా 24 నెలలు జీతానికి ఈ పని చేయకపోతే సర్టిఫికేషన్ కోసం మళ్లీ మొదటికి రావాలి.

మీ చెల్లెలి సంగతి. ఆ ఏజెంట్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. సీఎన్‌ఏ వీసా అనేది లేదు. హెచ్1బీకి (ఉద్యోగ వీసాకు) డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి, సీఎన్‌ఏ అందులోకి రాదు. గ్రీన్‌కార్డు దారిలో ఎవరైనా స్పాన్సర్ చేసినా భారతీయులకు ఏళ్ల తరబడి నిరీక్షణ. అయినా జీఎన్ఎం చేసిన అమ్మాయి సీఎన్‌ఏగా ఎందుకు రావాలి? ఆమె పెట్టుకోవాల్సిన లక్ష్యం అమెరికాలో ఆర్‌ఎన్ లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష. పరీక్ష కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ముందు అమెరికాలో ఏ రాష్ట్రానికి అప్లై చేయాలో చూసుకుని, ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు జీఎన్ఎంను ఒప్పుకుంటుందో లేదో బోర్డు వెబ్‌సైట్‌లో చదవమనండి. ఈలోపు మంచి హాస్పిటల్లో వార్డు అనుభవం, ఇంగ్లిష్ స్కోరు సంపాదించుకోమనండి. ఏజెంట్‌కు ఇప్పటికే సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి తెచ్చుకోమని చెప్పండి.