కింద ఇటుక, పైన బ్లాకులు: బయట గోడలకు ఏ ప్లాస్టరింగ్?
గుంటూరులో ఇల్లు, కింద ఎర్ర ఇటుక, పైన కొత్తగా ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు దిమ్మెలు), మధ్యలో కాంక్రీట్ బీములు. బయట మొత్తానికి ఒకే ప్లాస్టరింగ్ సరిపోతుందా అని ఒకరు అడిగారు.

సరిపోతుంది. 1:6 సిమెంటు మాలు (ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక), మొదట 12, దానిమీద 8 మిల్లీమీటర్ల మందాన రెండు పూతలు. బ్లాకుల మీద సిమెంటు పెంచితే బలమనుకుంటారు కానీ, గట్టి మాలు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. నున్నటి బీముకు గాట్లు కొట్టకపోతే మాలు పట్టదు.

అసలు చిక్కు అతుకు దగ్గరే. బీము, గోడ కలిసేచోట రెండువైపులా కనీసం 10 సెంటీమీటర్లు వచ్చేలా చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగ వల) కొట్టించండి. మేస్త్రి "ఎందుకండీ దండగ" అంటాడు, వినకండి. మెష్ లేని చోట బీము వెంబడే స్కేలు పెట్టి గీసినట్టు పగులు వస్తుంది.

కింది ఇటుకలు సున్నంతో కట్టిన పాతవైతే మాత్రం అక్కడ సున్నపు గారే నయం. మే ఎండల్లో పని పెట్టుకోకండి. ఎప్పుడు చేయించినా వారం రోజులు నీళ్లు కొట్టాల్సిందే.