కొత్త బ్యాటరీ వేసినా జనరేటర్ 'లో బ్యాటరీ' అంటుంటే

ఆటోమేటిక్ ప్యానెల్ (కరెంటు పోగానే ఇంజన్‌ను తనంతట తానే స్టార్ట్ చేసేది) ఉన్న మీ ఇంటి జనరేటరుకు మూడు నెలల కిందటే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ వేయించారు, అప్పుడే 'లో బ్యాటరీ' వస్తోంది, సెల్ఫ్ టక్‌టక్‌మని ఆగిపోతోంది అన్నారు. దయచేసి ఇంకో బ్యాటరీ కొనకండి. ఇలాంటి చోట నాకు ఎక్కువగా దొరికేది ఇంటి కరెంటుతో ఈ బ్యాటరీని నింపే ఛార్జర్ లోపమే.

జనరేటర్ వారాల తరబడి ఊరికే ఉన్నా ప్యానెల్‌లోని కంట్రోలర్ మాత్రం 24 గంటలూ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. ఛార్జింగ్ అందకపోతే, 0.1 ఆంపియర్ లాగినా రోజుకు 2.4 ఏహెచ్, వారానికి దాదాపు 17. అంటే మీ బ్యాటరీలో సగం ఖాళీ. ఆ స్థితిలో వారాలు ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కొత్తదైనా పాడవుతుంది.

ముందు ప్యానెల్‌ను ఆఫ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోగానే చెయ్యి లోపల ఉండగానే ఇంజన్ తిరుగుతుంది. ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు మల్టీమీటరుతో బ్యాటరీ పోస్టుల (పైన ఉండే ప్లస్, మైనస్ కొనల) మీద కొలవండి. 13.5 నుంచి 13.8 వోల్టులు రావాలి. 12.6 లేదా అంతకంటే తక్కువ వస్తే ఛార్జింగ్ అందడం లేదు. ఛార్జరుకు వెళ్లే ఎంసీబీ (స్విచ్‌లా ఉండే బ్రేకర్), ఫ్యూజు చూడండి. వేరే పనికి వచ్చినవాళ్లు ఎంసీబీ దించి మర్చిపోవడం మామూలే. ఛార్జర్ దగ్గర 13.6 ఉండి పోస్టుల దగ్గర 12.3 ఉంటే మధ్యలో వైరో ఫ్యూజో పోయింది.

పోస్టులకు బిగించిన కేబుల్ క్లాంపులు బిగుతుగా కనిపించినా నమ్మకండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, క్లాంపు లోపలివైపు చూడండి. బూడిదరంగు పొర, తెల్లటి పొడి ఉంటే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. నీళ్లు సెల్స్‌లోకి పోనివ్వకండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా నెగటివ్ పోస్టుకూ ఇంజన్ బాడీకీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉంటేనే బ్యాటరీని అనుమానించండి. ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసి, కొన్ని గంటలు ఆగాక 12.6 ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టే.

ఛార్జర్ మార్చాల్సి వస్తే ఫ్లోట్ ఛార్జరే (బ్యాటరీ నిండాక తక్కువ వోల్టేజీతో నిలబెట్టేది) తీసుకోండి. మామూలు కారు ఛార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచితే ఎండాకాలంలో సెల్స్ ఎండిపోతాయి.