రెడింగ్ దగ్గర అమ్మానాన్నలకి చూపించదగ్గ పాత ఊరు: సానింగ్

ఇంగ్లండ్‌లో లండన్ దగ్గరి రెడింగ్‌లో ఉంటున్నాం, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, లండన్ రద్దీ వాళ్లకి పడలేదు, ఒక్క పూటలో చూసొచ్చే పాత ఇంగ్లిష్ పల్లెటూరు ఏదైనా ఉందా అని ఒకరు అడిగారు. సానింగ్ తీసుకెళ్లండి. థేమ్స్ ఒడ్డున, రెడింగ్‌కి ఐదు కిలోమీటర్ల దూరం.

అక్కడ అసలు చూడాల్సింది ఇటుక వంతెన. చెక్క వంతెన తీసేసి 1775లో కట్టారు. 11 కమాన్లు. పడవలు పోవడానికి నడిమి కమాను అన్నిటికన్నా పెద్దగా పెట్టారు, అందుకే పైన రోడ్డు కూడా మధ్యలో ఎత్తుగా ఉంటుంది. ఇవతల బెర్క్‌షైర్ కౌంటీ, అవతల ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ. కార్లో దాటేస్తే ఇదేదీ కనపడదు. ఇరుకు కాబట్టి సిగ్నల్ పెట్టి ఒక్కో వైపు నుంచి వదులుతారు, మన ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. నది పక్క బాటలోకి దిగి చూడండి.

మా నాన్నగారిది రాజమండ్రి. "ఇదేం వంతెనరా, ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున పలుకుతారు" అన్నారు. ఏ సంవత్సరంలో కట్టారో చెప్పాక గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఇటుకల్నే చూస్తూ ఉండిపోయారు. రాజమండ్రిలో గోదావరి మీద 1900లో రైళ్లు మొదలైన మన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు. దానికన్నా 125 ఏళ్లు పెద్దదైన ఈ వంతెన ఇవాళ్టికీ బండ్లు మోస్తోంది. రైలు బరువుకీ కారు బరువుకీ పోలిక లేదు, నిజమే. కానీ పాతదాన్ని వాడుకుంటూనే కాపాడుకోవచ్చని కళ్లారా కనిపిస్తుంది. పెద్దవాళ్లని అక్కడికి తీసుకెళ్లమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

వంతెన దగ్గరే పాత పిండిమిల్లు ఉంది, ఇప్పుడది భోజనం పెట్టి నాటకం చూపించే థియేటర్. నది నీటితో కరెంటు కూడా తీస్తారు. కాస్త ఎగువన లాకులున్నాయి. పడవ లోపలికొచ్చాక తలుపులు మూసి నీళ్లు ఎక్కించడం, దించడం చూస్తుంటే అమ్మకి టైమే తెలియలేదు. చర్చి, దాని చుట్టుపక్కల సందులు కూడా ఒక చుట్టు చుట్టండి.

పబ్బు భోజనం పెద్దవాళ్లకి సహించకపోవచ్చు, పులిహోర కట్టుకెళ్లండి. వంతెన మీద మాత్రం వాళ్ల చెయ్యి పట్టుకుని దాటించండి. చలికాలంలో నది పొంగితే ఒడ్డు బాట మునుగుతుంది, 2014 వరదల్లో వంతెన కూడా మూసేశారు. బయల్దేరే ముందు ప్రభుత్వ సైట్‌లో వరద హెచ్చరికలు చూసుకోండి.