పాలియేటివ్ కేర్‌కు పంపారంటే ఆశ లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మ వయసు 61. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. కీమో నడుస్తోంది. నొప్పి అంతగా లేదు గానీ నీరసం విపరీతం. స్నానం చేసి వచ్చి, తువ్వాలు భుజాన అలాగే ఉంచుకుని, అరగంట సేపు మంచం అంచున కూర్చుండిపోతుంది. రాత్రంతా పడుకున్నా తెల్లారేసరికి సత్తువ ఉండదంటుంది. పాలియేటివ్ కేర్ విభాగంలో కూడా చూపించుకోమని డాక్టరు గారు రాసిచ్చారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇక చేసేదేమీ లేదనా దీనర్థం?

జవాబు: కాదు. డాక్టరు గారు ‘కూడా’ చూపించుకోమన్నారని మీరే రాశారు. ఆ ‘కూడా’ని మీ నాన్నగారు గమనించినట్టు లేరు. కీమో ఆపమనలేదు, దాంతో పాటు నొప్పి, నీరసం, దిగులు లాంటి బాధలను తగ్గించే మరో బృందం సాయం తీసుకోమన్నారు. పాలియేటివ్ కేర్ అంటే అదే.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. బ్రిటిష్ డాక్టరు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచినప్పుడు ఈ వైద్యం ప్రధానంగా చివరి రోజుల్లో ఉన్నవారి కోసమే. ఆ ముద్ర ఇంకా చెరగలేదు. కానీ 2010లో ఒక అధ్యయనం వెలువడింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చారు. వాళ్లలో దిగులు తగ్గింది, రోజులు మెరుగ్గా గడిచాయి. మిగతావారి కంటే సగటున రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. అందరికీ అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. ఆ విభాగానికి వెళ్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

ఇక నీరసం సంగతి. పడుకుంటే తీరే అలసట కాదిది. చాలామంది రోగులు దీన్ని డాక్టరుకు చెప్పనే చెప్పరు, జబ్బుతో వచ్చేదే కదా అని సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లేమో ‘కాస్త ఓపిక తెచ్చుకో’ అంటారు. ఆ మాట దయచేసి అనకండి.

పాలియేటివ్ బృందం ముందుగా అడిగేది ఒక అంకె. సున్నా అంటే నీరసమే లేదు, 10 అంటే అంతకు మించి ఊహించలేనంత. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ చెబితే కారణాల కోసం వెతుకుతారు. రక్తహీనత, థైరాయిడ్ మందగించడం, ఒంట్లో సోడియం తగ్గడం, ఇన్ఫెక్షన్, నిద్ర చెడిపోవడం, పైకి కనిపించని డిప్రెషన్... వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఒక్కోసారి దోషం మందులదే. నిద్రమాత్రలు, కొన్ని వాంతుల మందులు, నొప్పి మందులు మనిషిని మత్తుగా ఉంచుతాయి. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి మందు స్ట్రిప్పూ సంచిలో వేసుకుని వెళ్లండి.

ఈలోగా బాత్‌రూమ్‌లో జారని స్టూలు వేయండి, కూర్చునే స్నానం చేయనివ్వండి. చేతులు పైకెత్తి తల దువ్వుకోవడం చాలా శక్తి తినేసే పని. స్నానం కాగానే కాకుండా ఇంకో గంట ఆగి దువ్వుకోమనండి, లేదా మీరే దువ్వండి. ఏ వేళలో కాస్త హుషారుగా ఉంటారో వారం పాటు రాసిపెట్టి, ఆమెకు ఇష్టమైన పనులు ఆ వేళకే ఉంచండి. పగటి కునుకు అరగంట దాటకుండా చూడండి.

రోజంతా మంచం మీదే ఉంటే కండరాలు కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టవచ్చు. అయితే జబ్బు ఎముకలకు పాకినా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, కళ్లు తిరుగుతున్నా ముందు డాక్టరును అడగాలి. స్టెరాయిడ్లు కొందరికి కొద్దిరోజులు పనిచేస్తాయి, అదీ డాక్టరు నిర్ణయించాలి. బలం టానిక్కుల మీద నాకు నమ్మకం లేదు. కీమో మధ్యలో సొంతంగా ఏదీ మొదలుపెట్టకండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, కాళ్లలో బలం పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పాలియేటివ్ బృందాల్లో సాధారణంగా డాక్టరు, నర్సుతో పాటు కౌన్సెలర్ కూడా ఉంటారు. వాళ్లు రోగితోనే కాదు, ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతారు. మొదటి రోజే మీ నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. మీరు అడగబోయిన ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి.