అభివృద్ధి ఆర్థికవేత్త కావాలంటే విదేశీ పీహెచ్‌డీ తప్పనిసరా?

ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న మీరు, అభివృద్ధి విధానాల మీద పనిచేయాలంటే విదేశంలో పీహెచ్‌డీ చేసి తీరాలా అని అడిగారు. పదిహేనేళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నవాడిగా సూటిగా చెబుతున్నాను: పీహెచ్‌డీ తర్వాతి మాట, ముందు రెండేళ్లు ఊళ్లలో సర్వే చేయండి.

ఎం.ఏ. కాగానే అనంతపురం జిల్లాలో ఉపాధి హామీపై జరిగిన ఒక సర్వేలో ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది ఆ జిల్లాలోని బండ్లపల్లిలోనే కాబట్టి, జాబ్‌కార్డు సంగతులు మాకంటే అక్కడివారికే బాగా తెలుసు. ఎండాకాలం సాయంత్రం, అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్న ఒక పెద్దావిడను, "పోయిన నెల ఎన్ని దినాలు పనికి పోయినావవ్వా?" అని అడిగాను. "మూడు వారాలు పోయినా నాయనా" అంది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి అని రాసుకున్నాను. జాబ్‌కార్డులో ఉన్నవి 18 రోజులే. ఆ వీధిలో చాలా ఇళ్లలో ఇలాంటి తేడాయే కనిపించడంతో, హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ రోజులు తక్కువ రాశాడని ఆ రాత్రి బసలో మేమంతా తేల్చేశాం.

మర్నాడు మళ్లీ వెళ్లి ఆ సంగతి ఎత్తితే, ఆమె చేటలోంచి ఆరు కాయలు ఏరి వరుసగా పెట్టి, ఏడోదాన్ని పక్కకు జరిపి, "ఇది సెలవు దినం కదా నాయనా, ఆ పొద్దు పనెక్కడిది?" అంది. వారానికి ఆరు రోజులకు మించి పని ఇవ్వరాదని అప్పటి ఉపాధి హామీ చట్టంలోనే ఉంది. ఆ చట్టం చదివి వెళ్లిన నేనే ఏడుతో హెచ్చవేశాను. ఆ ఫారాలు అలాగే పై అధికారులకు చేరి ఉంటే, తప్పు చేయని మనిషి ఉద్యోగం పోయేది.

ఇది ఒక్క వీధికి పరిమితమైన విషయం కాదు. దేశంలో పేదరికాన్ని ఇళ్ల ఖర్చును బట్టి లెక్కగడతారు. ఆ ఖర్చును ఇంటింటా అడిగి రాసుకునే జాతీయ నమూనా సర్వే 55వ విడతలో, 1999-2000లో, ఆహార ఖర్చును గడచిన 7 రోజులకూ 30 రోజులకూ ఒకే ఫారంలో అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని ప్రభావితం చేయడంతో, దేశంలో పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న దానిపై ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. 2015లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ కూడా ఆ లెక్కలు సరిచేయడానికి పూనుకున్నారు.

ఇంగ్లీషులో తయారైన ప్రశ్నాపత్రాన్ని రాత్రికి రాత్రి తెలుగులోకి దించి పంపే పద్ధతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. "మీ కుటుంబ వినియోగ వ్యయమెంత" అంటే ఎవరు జవాబు చెప్పగలరు? నెలకు బియ్యం ఎంత పడుతుందని అడిగితే ఏ ఇల్లాలైనా చెబుతుంది. ఇంత భారం మోసే ఇన్వెస్టిగేటర్లను మూడు నెలల కాంట్రాక్టు మీద తీసుకుని, నివేదికలో పేరైనా వేయకపోవడం అన్యాయం. మెట్ట ప్రాంత పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి పాలమూరు జిల్లా దోకూరు వంటి ఊళ్లలో చేసిన అధ్యయనాల్లో ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్లోనే కాపురముండి వివరాలు సేకరించారు. కరవును రైతు కుటుంబాలు ఎలా తట్టుకుంటాయో తెలుసుకోవడానికి ప్రపంచంలోని ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఆ గణాంకాలనే తిరగేస్తారు.

నేను పీహెచ్‌డీ ఆరేళ్ల తర్వాత హైదరాబాదులోనే చేశాను, దానివల్ల నాకు ఏ పనీ ఆగలేదు. విదేశంలో సీటూ ఉపకార వేతనమూ రెండూ దొరికితే తప్పక వెళ్లండి. అప్పు చేసి మాత్రం వెళ్లవద్దు.