జీతం ఆపితే నోటీసు ఇవ్వండి, ప్రాక్టీసు మాత్రం మానొద్దు

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. విదేశంలో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్‌కి ఆడుతున్నాడు. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది. జీతం తగ్గించుకుని కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటే ఒప్పుకోలేదు. అప్పటి నుంచి టీమ్‌తో కలవనివ్వకుండా ఒక్కడితోనే ప్రాక్టీసు చేయిస్తున్నారు. రెండు నెలలుగా జీతం లేదు. రేపటి నుంచి గ్రౌండ్‌కే వెళ్లనంటున్నాడు. అలా మానేయొచ్చా? వేరే క్లబ్‌కి వెళ్లిపోవచ్చా?

జవాబు: ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి, రేపు మామూలు టైమ్‌కే గ్రౌండ్‌లో ఉండమని చెప్పండమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటిదాకా తప్పు క్లబ్‌దే. అతను ప్రాక్టీసు మానేసిన రోజున, ‘మేం రమ్మన్నా రాలేదు’ అనే మాట వాళ్ల చేతికి చిక్కుతుంది. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు లస్సానా డయారా కేసు చూడండి. 2013లో రష్యా క్లబ్ లోకోమోటివ్ మాస్కోతో నాలుగేళ్ల కాంట్రాక్టు రాసుకున్నాడు. ఏడాదికే గొడవ వచ్చి, ఆటగాడే కాంట్రాక్టు తప్పాడంటూ క్లబ్ రద్దు చేసింది. చివరికి అతనే క్లబ్‌కి 1.05 కోట్ల యూరోలు కట్టాలని తేలింది. ఆ కేసులోనే ఫిఫా నిబంధనలు కొన్ని చెల్లవని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది కానీ, అది 2024 అక్టోబరులో. అప్పటికి అతను ఆట నుంచే తప్పుకున్నాడు. మీ తమ్ముడికి ఆ గతి పట్టకూడదు.

అతని చేతిలో ఉన్న గట్టి ఆయుధం జీతం బకాయి. ఫిఫా నిబంధనల్లో 14 బిస్ అనే అధికరణం ఉంది. కనీసం రెండు నెలల జీతం గడువుకి ఇవ్వకపోతే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కట్టడానికి కనీసం 15 రోజులు టైమ్ ఇవ్వాలి. అప్పటికీ పూర్తిగా కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. నోటీసులో తిట్లూ బాధలూ వద్దు. ఏ నెల జీతం, ఎంత, ఏ తేదీకి రావాలి, ఎన్ని రోజుల్లో కట్టాలి, ఏ ఖాతాలో వేయాలి, అంతే. క్లబ్ అధికారిక ఈమెయిల్‌కే పంపాలి. మేనేజర్‌కి వాట్సాప్‌లో అడిగాను అంటే సరిపోదు. చాలామంది కుర్రాళ్లు దెబ్బతినేది ఇక్కడే. న్యాయం వాళ్ల వైపే ఉన్నా, ఆ పదిహేను రోజులు ఆగకుండా వచ్చేస్తారు.

ఒంటరిగా ప్రాక్టీసు చేయించడం కూడా చిన్న విషయం కాదు. కొత్త షరతులకు ఒప్పించడానికో, తనంతట తానే వెళ్లిపోయేలా చేయడానికో వేధిస్తే, అదీ రద్దుకు న్యాయమైన కారణమేనని 14వ అధికరణం చెబుతోంది. గాయం నుంచి కోలుకునేవాళ్లని కొన్నాళ్లు విడిగా ఉంచడం మామూలే కాబట్టి, ఇది వేధింపే అని రుజువు కావాలి. వేరు చేస్తున్నట్టు వచ్చిన మెసేజ్, రోజూ ఎన్నింటికి వచ్చాడో, ఎవరు శిక్షణ ఇచ్చారో రాసుకున్న డైరీ, అన్నీ పనికొస్తాయి. టీమ్‌తో కలిపి ప్రాక్టీసు చేయించమని లిఖితపూర్వకంగా అడగాలి కూడా.

వేరే క్లబ్ సంగతి. సరైన కారణం లేకుండా వెళ్తే నష్టపరిహారం కట్టాలి. 28 ఏళ్లలోపు చేసిన కాంట్రాక్టుకి మొదటి మూడు సీజన్లు లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది, రక్షిత కాలం. అందులో వెళ్తే మామూలుగా నాలుగు నెలలు మ్యాచ్‌లు ఆడకుండా నిషేధం కూడా పడుతుంది. అదే 14 బిస్ ప్రకారం బయటికొస్తే, ఆ రెండేళ్ల జీతమూ పరిహారంగా అడగొచ్చు. కొత్త క్లబ్‌లో వచ్చే జీతం అందులోంచి తీసేస్తారు. బకాయి వల్ల రద్దయింది కాబట్టి అదనంగా మూడు నెలల జీతం కూడా రావచ్చు.

విదేశీ ఆటగాడు కాబట్టి సాధారణంగా ఫిఫా వివాద పరిష్కార విభాగానికే వెళ్లొచ్చు. ఆటగాళ్లకి అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. అయితే స్థానిక ట్రిబ్యునల్‌కే వెళ్లాలని కాంట్రాక్టులో రాసి ఉందేమో చూడాలి. ఆ పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని ఈ వారంలోనే అక్కడి ఆటగాళ్ల సంఘాన్నో, స్పోర్ట్స్ లాయర్‌నో కలవమనండి. ఈలోగా బకాయి ఇచ్చేస్తాం, సంతకం పెట్టు అని ఏ కాగితం చూపించినా, లాయర్ చదివేదాకా పెన్ను పట్టుకోవద్దని చెప్పండి.